వార్డెను గారి నిద్ర

తప్పు నాదే. ఫోనులో బసల జాబితా చూస్తుంటే "హాస్టల్" అన్న మాట కంటబడింది. హాస్టల్ అంటే మనకేం గుర్తొస్తుంది? వార్డెను, గంట, హాజరు పుస్తకం, తొమ్మిదికి గేటుకి తాళం. పరాయి దేశంలో ఇద్దరు ఆడవాళ్ళకి ఇంతకంటే క్షేమమైన చోటేముంటుందని, ఎనిమిది పడకల ఆడవాళ్ళ గదిలో రెండు పడకలు ఖాయం చేసేశాను. వదినకి చెబితే ముఖం విప్పారింది. "వార్డెను ఆడమనిషేనా?" అని మాత్రం అడిగింది.

వదిన అంటే మా ఆయన అక్క. ఇరవై ఎనిమిదేళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసింది. పెళ్ళి చేసుకోలేదు. నూట ఇరవై మంది పిల్లల్ని పెట్టుకుని ఇంకా పెళ్ళెందుకనేది. నాలుగు నెలల కిందట రిటైరై మా ఇంటికి వచ్చింది. వచ్చిన రోజు నుంచి నిద్ర లేదు. మాత్రలు మింగినా రెప్ప వాలదు. కూర తరుగుతుంటే చేతులు వణుకుతాయి, మాట మధ్యలో ఏం చెబుతోందో మరిచిపోతుంది. మనిషి సగమైపోయింది. ఇలాగే ఉంటే గుండె మీదికి వస్తుందని, ఒక వారం స్థలం మార్చి చూడమని డాక్టరు చెప్పాడు. మా ఆయనకి సెలవు దొరకలేదు. రిటైరయ్యాక దేశాలు చూడాలని వదిన ఎప్పుడో పాస్‌పోర్టు తీసి పెట్టుకుంది కాబట్టి మేమిద్దరం బయలుదేరాం.

నేను లైబ్రేరియన్ని. ఎవరికి ఏ జబ్బు చేసినా నిశ్శబ్దమే మందని నా నమ్మకం. అందుకని ఆ నాలుగు నెలలూ ఇంటిని లైబ్రరీ చేసి పెట్టాను. మిక్సీ వెనక బాల్కనీలోకి పోయింది. కుక్కరు కూస్తుందని దాన్ని అటకెక్కించి, గిన్నెలో గంజి వార్చి అన్నం వండాను. తలుపులు కొట్టుకోకుండా గుడ్డపీలికలు కట్టాను. మా ఆయన తుమ్మొస్తే మెట్లు దిగి వీధిలోకి పోయి తుమ్మి వచ్చేవారు. అయినా వదిన మంచం మీద కూర్చుని తలుపు వంకే చూస్తూ ఉండేది.

మధ్యాహ్నం రెండింటికి హాస్టల్ చేరాం. బల్ల దగ్గర మెడ నిండా పచ్చబొట్లున్న మనిషి కూర్చున్నాడు. వార్డెను ఎక్కడని వదిన ఇంగ్లీషులో అడిగింది. ఆయన కంప్యూటరులో వెతికి, ఆ పేరుగలవాళ్ళెవరూ ఇక్కడ దిగలేదన్నాడు. హాజరు ఎన్నింటికని అడిగితే, పొద్దున్న కాఫీ ఎన్నింటి నుంచి దొరుకుతుందో చెప్పాడు.

మా గది రెండో అంతస్తులో. నడవాలో ఇద్దరు చక్రాల పెట్టెల మీద కూర్చుని గడగడ దొర్లుతూ పందెం వేసుకుంటున్నారు. వంటగదిలో ఒకడు బకెట్టు బోర్లించి వాయిస్తున్నాడు. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టొకటి మెట్ల మీద చేరి పాడుతోంది. గెలిచి పాడుతున్నారో ఓడి పాడుతున్నారో చెప్పలేం. బట్టలుతికే యంత్రం నేలంతా దడదడలాడిస్తోంది. మా గదిలో తడిజుట్టు పిల్ల ఒకతె డ్రయ్యరు పెట్టుకుని జుట్టు ఆరబెట్టుకుంటూ, ఆ చప్పుడుకి మించి గొంతెత్తి ఫోనులో మాట్లాడుతోంది.

వదిన కింది పడక మీద కూర్చుంది. ముఖంలో ఏ భావమూ లేదు. "కాస్త నడుం వాలుస్తానే" అని అటు తిరిగి పడుకుంది.

నాకు ఏడుపొచ్చింది. గుండె జాగ్రత్త అని డాక్టరు చెప్పిన మనిషిని తెచ్చి బ్యాండు మేళంలో పడుకోబెట్టాను. కాసేపు ఏడ్చి, కొంగు నడుముకి దోపి గది బయటికొచ్చాను. కిందికెళ్ళి మొరపెట్టుకుంటే పచ్చబొట్లాయన భుజాలెగరేశాడు. ఇక ఆయన్ని లెక్కలోంచి తీసేశాను.

మా పనిలో అరవడం ఉండదు. పక్కకెళ్ళి నిలబడి, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ ఉండాలి, అంతే. పెట్టెల వాళ్ళకి రెండు నిమిషాలు పట్టింది. బకెట్టు కుర్రాడికి నాలుగు, మధ్యలో నవ్వబోయాడు కాబట్టి. ఫుట్‌బాల్ జట్టుకి కిటికీలోంచి ఎదుటి పార్కు చూపించాను. వాళ్ళ కెప్టెను నన్ను ఎగాదిగా చూసి, అందర్నీ వెంటబెట్టుకుని దిగిపోయింది. బట్టల యంత్రం చూపుకి లొంగలేదు, ప్లగ్గు పీకేశాను. అరగంటలో అంతస్తంతా సద్దుమణిగింది.

గదిలోకి వచ్చి చూద్దును కదా, వదిన నిద్రపోతోంది! నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. సన్నగా గురక కూడా. నాలుగు నెలల్లో ఆ గురక వినడం అదే మొదలు. నా ప్రయోజకత్వానికి నాకే ముచ్చటేసింది. ఇక మిగిలింది డ్రయ్యరు ఒక్కటే. పెదవుల మీద వేలు పెట్టి చూపించాను. పాపం, ఆ పిల్ల వెంటనే ఆపేసింది.

వదిన కళ్ళు తెరిచింది. దిగ్గున లేచి కూర్చుని, కాళ్ళతో చెప్పుల కోసం తడుముకుంటూ, "ఏమైంది? పిల్లలేరీ?" అంది.

"ఏం కాలేదు వదినా. మీరు పడుకోవాలని నేనే అందరి నోళ్ళూ మూయించాను."

"అంతమంది ఒక్కసారిగా నోరు మూశారంటే ఎవరికో ఏదో అయిందనే అమ్మాయ్. ఒకసారి మధ్యాహ్నం పూట హాలంతా చడీచప్పుడు లేదు. నాకు చెప్పడానికి భయపడి అందరూ గోడ వైపు తిరిగి పడుకున్నారు. వెళ్ళి చూస్తే బాత్రూంలో ఒక పిల్ల స్పృహ తప్పి పడుంది. ఇంకో పది నిమిషాలు ఆగితే దక్కేది కాదు."

అంటూ నా చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడైనా నిజం చెప్పు. మా తమ్ముడికి ఏం జబ్బు?"

నాకు అర్థం కాలేదు.

"నేనొచ్చిన రోజు నుంచీ చూస్తున్నా. ఇంట్లో అందరూ మునివేళ్ళ మీద నడుస్తారు. నన్ను చూడగానే మాటలాపేస్తారు. వాడేమో మాటిమాటికీ వీధిలోకి పోయి, ముక్కు తుడుచుకుంటూ వస్తాడు. చాటుగా ఏడ్చి వస్తున్నాడనుకున్నా. మీరే చెబుతారని చూశా. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు."

"తుమ్మడానికి వెళ్ళేవారు వదినా. మీ నిద్ర పాడవుతుందని."

ఆవిడ నమ్మలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఇంతకంటే మంచి అబద్ధాలు విని ఉంటుంది.

నాలుగు నెలలుగా ఆవిడకి కంటి మీద కునుకు లేకుండా చేసింది నేనన్నమాట! సిగ్గుతో చచ్చిపోయాను. మన ఊళ్ళో అది రాత్రి వంటవేళ; వెంటనే ఇంటికి ఫోను చేసి, వదినకీ వినపడేలా స్పీకరు పెట్టాను.

"అక్క పడుకుందా?" అని మా ఆయన గుసగుసలాడారు. అలవాటైపోయింది పాపం. ఆ పీలగొంతు వినగానే వదిన ముఖం పాలిపోయింది.

"గట్టిగా మాట్లాడండి!" అని అరిచాను.

"అక్క లేస్తుందే..."

"లేవనివ్వండి! వదిన రాకముందు నా మీద ఎలా ఎగిరేవారో అలా ఎగరండి!"

అవతల ఆయన గొంతు విప్పారు. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టి చచ్చావన్నారు. ఆ వార్చిన మెతుకులు మింగలేక నాలుగు నెలలుగా నోరు చవి చచ్చిపోయిందన్నారు. అసలు అన్నం వండటం నీకెవరు నేర్పారన్నారు. పై పడకల మీది వాళ్ళు వంగి చూడసాగారు.

వదిన మళ్ళీ పడుకుని దుప్పటి లాక్కుంది. "వీడికి ఉప్పు డబ్బా చిన్నప్పుడూ దొరికేది కాదు" అంది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోలేదు. తడిజుట్టు పిల్ల నా వైపు చూసింది. తలూపాను. డ్రయ్యరు వేసుకుంది.

"తిట్లు అయిపోయాయే! ఇంకేమనమంటావు?" అని అరిచారు మా ఆయన.

వదిన గురక పెడుతోంది.

"మా పుట్టింటివాళ్ళని అనండి" అన్నాను. "ఆపకండి."