నూటికి ఏడుగురు

మిర్యాలగూడ లైబ్రరీలో దుమ్ముపట్టిన రైసు మిల్లుల సర్వే రిపోర్టు తిరగేస్తూ, ఒక పేజీ అడుగున ఉన్న రెండు వాక్యాలు చదివేసరికి అఖిల పేజీ తిప్పడం ఆపేసింది. "సర్వే నాడు పనిలో ఉన్న ఆడవాళ్లనే అడిగాం. జబ్బుచేసి మానేసినవాళ్లు ఈ లెక్కలో లేరు."

ఆమె ఇక్కడికి వచ్చింది వేరొకరి తప్పు పట్టడానికి. సూర్యాపేటలో గైడ్ ఉషారాణి మేడం ఒక పద్ధతి పెట్టారు. పీహెచ్‌డీ వాళ్లు ఒకరి లిటరేచర్ రివ్యూ, అంటే పాత పరిశోధనల మీద రాసిన సమీక్ష, మరొకరు చదివి, తప్పొప్పులు ఫారంలో రాసి సంతకం చెయ్యాలి. నిజానికి ఎవరూ చదవరు. "చాలా బాగుంది" అని గీకేసి చాయ్ తాగడానికి పోతారు. అఖిల మాత్రం అలా వదలదు. తప్పులు వెతకడమంటే ఆమెకు సరదా, అందులోనూ ఇతరులవి.

ఈసారి ఆమె వంతుకు వచ్చింది సాయిబాబు రివ్యూ. రైసు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ల ఆరోగ్యం మీద. రివ్యూ మొత్తం ఒక్క అంకె మీద నిలబడింది: మిల్లు పనితో దమ్ము పట్టి ఆయాసపడేవాళ్లు నూటికి ఏడుగురే. కాబట్టి సమస్య పెద్దది కాదని తేల్చేశాడు. అంకె ఎక్కడిదో చూద్దామని అఖిల పొద్దున్నే కోదాడలో బస్సెక్కి వచ్చింది. ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

ఎందుకంటే రెండేళ్ల కింద తన రివ్యూలో ఆ అంకె రాసింది అఖిలే. అప్పుడు ఆమె ఈ రిపోర్టు మొహమే చూడలేదు. ఒక పాత థీసిస్ నుంచి అంకెను, రిపోర్టు పేరును, పేజీ నంబరుతో సహా ఎత్తేసింది. పరిశోధకులు చదివామని చెప్పే జాబితాల్లో నిజంగా చదివినవి నేతిబీరకాయలో నెయ్యంత. కానీ అఖిల పీహెచ్‌డీ చివరి సెమినార్ సోమవారమే. అది గట్టెక్కితే కోదాడలో ఒక కాలేజీ ఉద్యోగం చేతికొస్తుంది. ఈ సంగతి బయటపెడితే ఆమె సెమినారే ఆగిపోతుంది.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది: రివ్యూ రాసినవారు అసలు ఆధారాలు చదివారా? పక్కన అవును, లేదు. రెండింటిలో దేని మీదా టిక్కు పెట్టకుండానే ఆమె బస్టాండుకు నడిచింది.

సాయిబాబు తన ఊరు మాడుగులపల్లి నుంచి వచ్చి అక్కడే ఎదురుచూస్తున్నాడు.

"అయిందా అక్కా? ఐదింటికల్లా సూర్యాపేటల మేడంకు ఇయ్యాలె. సంతకం పెట్టు, నేనే పట్టుకపోత."

"ఆ మిల్లుల రిపోర్టు నువ్వు చదివావా సాయీ?"

అతను నవ్వాడు. "నువ్వు రాసినవ్ గద, ఇగ నేనేం సదవాలె? నీ రివ్యూ ముందల పెట్టుకొనే రాసిన. నువ్వు తప్పు రాస్తవా?"

పొగడ్త కూడా ఇంత చేదుగా ఉంటుందని అఖిలకు ఆ రోజే తెలిసింది. ఫోన్‌లో తీసిన పేజీ ఫొటో చూపించింది. అతను రెండుసార్లు చదివాడు.

"మానేసినోళ్లను లెక్కనే పెట్టలేదా?"

"పెట్టలేదు. నేనూ చూడలేదు. పాత థీసిస్ చూసి రాసేశాను."

"మా అమ్మ రేణుకమ్మ పదేండ్లు మిల్లుల చేసింది. దమ్ముతోనే మానేసింది." అతని గొంతు పెరిగింది. బెంచీ మీదివాళ్లు ఇటు తిరిగారు. "దవాఖానకు తోల్కపో బిడ్డా అని ఎన్నిసార్లు అడిగిందో. మిల్లుతోని నూటికి ఏడుగురికే అయితదంట, నీది వయసు దగ్గు, కషాయం తాగు అన్న. కన్నతల్లి మాట ఇడిసిపెట్టి నీ అంకెను నమ్మిన అక్కా!"

అఖిలకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. బ్యాగు మీద ఫారం పెట్టుకుని 'లేదు' దగ్గర టిక్కు పెట్టింది. దాని కింద రాసింది: "ఈ తప్పు నా రివ్యూ నుంచి వచ్చింది. నేను కూడా అసలు రిపోర్టు చదవలేదు." సంతకం వంకరగా వచ్చింది.

సాయిబాబు చదివి, ఫారం ఆమెకే తిరిగి ఇచ్చేశాడు.

"నువ్వే ఇయ్యి మేడంకు. నేను అమ్మను ఇయ్యాల్నే దవాఖానకు తోల్కపోవాలె."

మాడుగులపల్లి మీదుగా పోయే నల్లగొండ బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కేశాడు.

సూర్యాపేట బస్సులో అఖిల ఆ కాగితాన్ని ఎన్నిసార్లు మడిచి విప్పిందో. బ్యాగులో ఖాళీ ఫారం ఇంకొకటి ఉంది. మార్చి రాస్తే మేడంకు తెలిసే దారి లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా అది పోలేదు.

మేడం గదిలోకి వెళ్లేసరికి ఐదుకు పది నిమిషాలుంది. ఉషారాణి మేడం నవ్వుతూ సెమినార్ నోటీసు చూపించబోయారు.

"ముందు ఇది చదవండి మేడం."

చదువుతుండగా ఆమె మొహంలో నవ్వు పోయింది. ఫారం వెనక్కి జరిపారు.

"ఇది నేను తీసుకుంటే సోమవారం సెమినార్ ఉండదు. ఇంకా పది నిమిషాలుంది. కింద రాసింది లేకుండా వేరే ఫారం రాసుకొస్తావా?"

అఖిలకు ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. ఫారాన్ని మళ్ళీ మేడం వైపే జరిపింది.

"మానేసినవాళ్లను ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడం. సోమవారం నేను మాడుగులపల్లి వెళ్లి వాళ్లను అడుగుతాను."

మేడం పెన్ను తీసి సెమినార్ నోటీసు మీద అడ్డంగా గీత కొట్టారు. అఖిలకు ఏడుపొచ్చింది. అక్కడే, ఆవిడ ముందే ఏడ్చేసింది.