ఉపదేశి కూతురి గజ్జెలు

నేను ఒక గజ్జెల జతను. కాలికి యాభై చొప్పున నూరు కంచు నోళ్ళున్నదాన్ని. నా దగ్గర రహస్యం దాగదు. అందుకే ఇష్టపడి కొనుక్కున్నవాళ్ళు కూడా నన్ను గుడ్డలో చుట్టి దాస్తుంటారు.

తెనాలిలో ఒక కంచరి నన్ను పోతపోశాడు. ఒక్కో గజ్జెను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసి, గొంతు నచ్చనిదాన్ని మళ్ళీ కరిగించేవాడు. పక్క వీధిలో చెప్పులు కుట్టే ముసలాయన నన్ను తోలు పట్టీలకు కుట్టాడు. పని కాగానే అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, నన్ను తన కాలికి చుట్టుకుని నాలుగు అడుగులు వేశాడు. మనుషుల సంగతి నాకు ఆ రోజే సగం తెలిసిపోయింది. ఆడాలని అందరికీ ఉంటుంది, కాకపోతే ఎవరూ చూడకూడదు.

నన్ను మొదట కట్టుకున్నది కామేశ్వరి టీచరు. ఇరవై ఏళ్ళు ఆవిడ కాళ్ళ మీదే బతికాను. తర్వాత ఆవిడ పట్నంలో కన్యాస్త్రీల బడిలో నాట్యం టీచరుగా చేరింది. సిస్టరమ్మలు టైంటేబుల్లో నాట్యం అని రాయడానికి జంకి ‘దేహ వ్యాయామం’ అని రాశారు. పేరు మార్చాక ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయింది.

ఆ వ్యాయామం అందరికంటే బాగా చేసే పిల్ల ఆగ్నేసు. పదమూడేళ్ళది. వాళ్ళ నాన్న శౌరయ్య మరియమ్మపాలెం గుడిలో ఉపదేశి. అంటే గుడి ఫాదరైన స్వాములవారికి కుడిభుజం. పిల్లలకు జపాలు నేర్పేది, జపమాల చెప్పించేది, శవయాత్రకు ముందు నడిచేది ఆయనే. గుడి ఆవరణలోనే కాపురం. మంచివాడే గానీ, నవ్వొచ్చినా ముందు గుడివైపు చూసి తర్వాత నవ్వే రకం.

ఆ ఏడు ఎండాకాలం కామేశ్వరి టీచరు రిటైరవుతోంది. పాస్కా పండుగ అంటే ఈస్టరు. ఆ మర్నాడు, సోమవారం సాయంత్రం, బడి హాల్లో ఆవిడ పెట్టే ఆఖరి ప్రోగ్రాం. ఆవిడ నన్ను ఆగ్నేసు చేతిలో పెట్టి, “ఇవి ఇక నీవేనమ్మా. సోమవారం వీటితోనే స్టేజీ ఎక్కాలి” అంది. ఆవిడ వెళ్ళిపోతే ఆ బడిలో నాట్యం నేర్పేవాళ్ళు లేరు. ఆ పిల్లకు స్టేజీ అంటే ఆ ఒక్క సోమవారమే.

ఆగ్నేసు నన్ను తవుడు బస్తాలో దాచింది. గేదెకు తవుడు తీద్దామని శౌరయ్య చెయ్యి పెట్టాడు. నేను ఊరుకోగలనా! ఘల్లుమన్నాను. ఆయన నన్ను పాముపిల్లను పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని, ఏడుస్తూ వెంటపడ్డ కూతుర్ని గుమ్మంలోనే ఆపి, నేరుగా ఇన్నాసి స్వాములవారి దగ్గరికి తీసుకుపోయాడు.

“స్వామీ, ఇయ్యి మా ఇంట్లోనే దొరికినయ్యండి,” అన్నాడు, సారా సీసా దొరికినంత సిగ్గుతో. “ఉపదేశి కూతురు గజ్జె కట్టిందని తెలిస్తే రేపు నేను జపం చెబితే ఎవరు పలుకుతారండీ? పాపమేనా స్వామీ?”

ఇన్నాసి స్వాములవారికి అరవై దాటాయి. కళ్ళజోడు సర్దుకున్నారు. “దానంతట అది పాపం కాదు శౌరయ్యా. ఆడేవాళ్ళ ఉద్దేశం ఏమిటి, చూసేవాళ్ళ చూపు ఎలాంటిది, అది చూసుకోవాలి.”

“మరి తమరు రేడియోలో కచేరీలు వింటారు గదండీ?”

“వినటంలో ఏముంది? చెవి దేవుడిచ్చిందేగా.”

“కళ్ళు గూడా ఆయనే ఇచ్చాడు గదండీ,” అన్నాడు శౌరయ్య, నిజంగానే తెలియక.

స్వాములవారు కాసేపు దగ్గారు. “ఇవి ఇక్కడ ఉండనీ. ఆలోచిస్తాను,” అన్నారు.

అలా నేను ఆయన చెక్క బీరువాలో, లావుపాటి లాటిను పుస్తకాల పక్కన చేరాను. ఆయన ఆలోచన ఎంత నిదానమో ఆ పుస్తకాల మీది దుమ్ము చూస్తే తెలిసింది. పండుగ పదిరోజుల్లోకి వచ్చింది. రోజూ బడినుంచి వస్తూ ఆగ్నేసు కిటికీ దగ్గర ఒక్క నిమిషం నిలబడేది. నేను పలకరిద్దామన్నా బీరువా కదిలేది కాదు.

పాస్కాకు ముందు నలభై రోజుల తపస్సు కాలం చివర గుడిలో పునీతుల స్వరూపాలన్నిటికీ ఊదా గుడ్డలు కప్పుతారు కదా. మరియమ్మ తల్లికీ, జోజప్పగారికీ, అంతోనివారికీ కప్పాక ఒక గుడ్డ మిగిలింది. స్వాములవారు దాన్ని తెచ్చి బీరువా మీదున్న రేడియోకి కప్పారు. పండుగ దాకా సంగీతం మానేద్దామని ఆయన మొక్కు. ఆయన్ను ఎవరూ అడగలేదు, తనంతట తనే అనుకున్నారు. రెండు రోజులు బాగానే గడిచింది. మూడో రోజు మధ్యాహ్నం ఆయన చెయ్యి మెల్లగా గుడ్డ కిందికి దూరింది. గుడ్డ తీయలేదు సుమా! తీస్తే మొక్కు తప్పినట్టు.

వీణ. గుడ్డలోంచి వచ్చినా వీణ వీణే. ఆయన పడక కుర్చీలో వాలి, కళ్ళు మూసుకుని, కాలు బీరువాకు ఆనించారు. కాసేపటికి నేను మోగటం మొదలుపెట్టాను.

ఆయన ఉలిక్కిపడి లేచారు. నేను ఆగాను. ఎలుకేమోనని బీరువా తెరిచి చూశారు. మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ మోగాను. ఈసారి సిలువ గుర్తు వేసుకుని, తీర్థం సీసా తెచ్చి బీరువా మీద చిలకరించారు. నా మీదా నాలుగు చుక్కలు పడ్డాయి. మూడోసారి మోగినప్పుడు ఆయన కళ్ళు తెరిచి కిందికి చూశారు. అంగీ అంచు కింద తన మడమే, బీరువా చెక్క మీద, ఆదితాళం వేస్తోంది. ఒక్క దెబ్బ తప్పలేదు.

స్వాములవారు ముందు ఎర్రబడ్డారు, తర్వాత నవ్వటం మొదలుపెట్టారు, కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే తండ్రీకూతుళ్ళకు కబురు వెళ్ళింది.

“శౌరయ్యా, నేను తాళం వేస్తే వినటం, నీ కూతురు వేస్తే ఆడటం. తేడా ఎక్కడుందో నాకు పుస్తకాల్లో దొరకలేదయ్యా,” అని నన్ను ఆగ్నేసు చేతిలో పెట్టారు.

ఆగ్నేసు నన్ను గుండెకు హత్తుకుంది. శౌరయ్య ముఖం మాత్రం తేలికపడలేదు. ఇన్నేళ్ళు పట్టుకుని వేళ్ళాడిన భయం ఒక్కమాటతో పోతుందా?

“ఆడుకోనీండి స్వామీ. నేనూ వస్తా. కాకపోతే కళ్ళు మూసుకుని కూర్చుంటా. వినటంలో తప్పు లేదన్నారుగా.”

“నువ్వు చూడకపోతే ఎట్టా నాన్నా?” అంది ఆగ్నేసు.

“ఇంటాలేమ్మా.”

సోమవారం హాలు నిండిపోయింది. స్వాములవారు ముందు వరసలో. శౌరయ్య ఆఖరి బెంచీలో, జపమాల గుప్పిట్లో పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని. స్టేజీ మీదనుంచి ఆగ్నేసు మొదట చూసింది ఆయన్నే. ఆ మూసిన రెప్పలు చూసి పిల్ల కాళ్ళు వణికాయి. నాకు చెప్పకుండా ఎవరి కాళ్ళూ వణకలేవు కదా.

నాకు ఒకటి అర్థమైంది. ఆ తండ్రికి తన కూతురి నాట్యం అంటే ఇక నేనే. ముఖం లేదు, చేతులు లేవు, పట్టుచీర లేదు. నూరు నోళ్ళతో నేను ఎంత చెబితే అంత. అప్పటిదాకా ఎన్ని స్టేజీలెక్కినా నాకు అంత భయం వెయ్యలేదు. ఆగ్నేసు అడుగు వేసింది. ఒక్క గజ్జె కూడా వెనకబడకుండా పలికాను. మెల్లగా నడిచినప్పుడు మెల్లగా, పరుగెత్తినప్పుడు వానలా. ఆఖరి బెంచీలో శౌరయ్య తల ఊగటం చూశాను. పూసలు జరపటం ఎప్పుడో మానేశాడు.

ఇంకా కొంత ఆట ఉందనగా ఆగ్నేసు ఒక్క గంతు వేసి, ఒంటికాలి మీద బొమ్మలా నిలిచిపోయింది. నేనూ నోరు మూసుకున్నాను. పాపం, శౌరయ్యకు ఏం తెలుసు? అంత చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయేసరికి పిల్ల పడిపోయిందనుకున్నాడు. “అమ్మా ఆగ్నేసూ!” అని అరుస్తూ లేచి కళ్ళు తెరిచాడు.

ఎదురుగా కూతురు నిలబడి ఉంది, వెలుగులో, ఆయన్నే చూస్తూ.

ఆయన మళ్ళీ కూర్చోలేదు. కళ్ళూ మూసుకోలేదు.

మర్నాడు శౌరయ్య నా తోలు కుట్టించటానికి నన్ను సంచీలో వేసుకుని పోతూ దారిలో స్వాములవారి వరండా ఎక్కాడు.

“స్వామీ, కళ్ళు తెరిచానండి.”

“ఎంతసేపు?”

“చివరిదాకానండి.”

“అయితే ప్రాయశ్చిత్తం తప్పదు. వచ్చే ఏడు మొదటినుంచీ చూడు,” అన్నారు స్వాములవారు.

టీచరు వెళ్ళిపోయినా స్వాములవారి మాటతో ఏటా పాస్కాకు ఆగ్నేసుకు అదే హాల్లో స్టేజీ దొరికింది; శౌరయ్య ఆ ప్రాయశ్చిత్తం ముప్పై ఏళ్ళు చేశాడు. తపస్సు కాలం వస్తే గుడిలో స్వరూపాలతో పాటు నాకూ ఊదా గుడ్డ చుట్టేవాడు, పండుగనాడు తనే విప్పేవాడు. పునీతుల వరసలో నన్ను చేర్చినందుకు ఎవరైనా ఆక్షేపించారేమో తెలియదు. నేనైతే ఆక్షేపించలేదు.

ఇప్పుడు ఆగ్నేసుకు మోకాళ్ళు అరిగాయి. నాలో పదకొండు గజ్జెలు మూగవైపోయాయి. ఆడటం ఇద్దరమూ మానేశాం. కానీ ప్రతి పాస్కా పండుగ ఉదయం పూజ అయ్యాక ఆవిడ నా గుడ్డ విప్పి, సమాధుల తోటలో శౌరయ్య దగ్గరికి తీసుకువెళుతుంది. సిలువ పక్కన కూర్చుని, నన్ను చేత్తో పట్టుకుని, ఆ సోమవారం ఆడినదంతా మొదటినుంచీ మోగిస్తుంది. మిగిలిన ఎనభైతొమ్మిది నోళ్ళతో నేను ఒక్క అడుగు కూడా వదలకుండా చెబుతాను.

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఇంటాలేమ్మా అన్నవాడేగా.