ముప్ఫై రెండో పేరు

బడి తెరిచిన రోజు పొద్దున్నే ఢిల్లీ ఆర్.కె. పురంలోని ఆ హైస్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో ఒక కాగితం ఉంది. పదో తరగతికొచ్చిన పిల్లలు ఒక్కొక్కరే పేరు చెబుతున్నారు. కాగితంలో పేరుంటే లోపలికి పంపుతున్నాడు. లేకపోతే "ఉధర్, దీవార్ కే పాస్" అని గోడవైపు చెయ్యి చూపిస్తున్నాడు.

తలలు నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చిన పిల్లలు గోడవారన చేరుతున్నారు. ఐదుగురయ్యారు, పదిమందయ్యారు, ఇరవైమంది దాటారు. ఎందుకు నిలబెట్టాడో వాళ్లకి తెలీదు. కొత్త సెక్షను పెట్టారేమోనని ఒకరిద్దరు నవ్వుకుంటున్నారు కూడా.

మార్త కూతుర్ని దింపడానికి వచ్చింది. ఆమెది బాపట్ల దగ్గర పల్లె. పదకొండేళ్లుగా ఢిల్లీలో, ఆసుపత్రిలో కాంట్రాక్టు నర్సు. కూతురు స్తుతి పేరు చెప్పగానే వాచ్‌మన్ టిక్కు పెట్టి లోపలికి పంపాడు. దాని వెనకే ఉన్న అర్జున్‌ని ఆపాడు.

"అర్జున్? లిస్ట్ మే నహీ. ఉధర్."

కాసేపటికి గుమస్తా బయటికొచ్చి గోడదగ్గర నిలబడ్డ ముప్ఫై ఒక్క మందికీ తలా ఒక కవరిచ్చి, మారుమాట లేకుండా లోపలికెళ్లిపోయాడు. గేటు మూసేశారు.

అర్జున్ తల్లి అనసూయ పాలమూరు మనిషి. మేస్త్రీ పనికని మొగుడితో వచ్చి, ఇప్పుడు సాకేత్‌లో ఒక మాల్‌లో నేల తుడిచే పనిలో ఉంది. కవరు చింపి కాగితం మార్త చేతికిచ్చింది.

"అక్కా, ఇంగ్లీషుల ఏం రాసిండ్రో జర చదువు."

మార్త చదివింది. తల్లిదండ్రుల స్వచ్ఛంద సమ్మతి మేరకు మీ పిల్లవాడి పేరు బడి రిజిస్టరులోంచి తీసేసి ఓపెన్ స్కూలుకి మార్చామని ఉంది అందులో. ఇక బడికి రానక్కరలేదు. ఇంట్లో చదువుకుని పరీక్ష రాసుకోవచ్చు. కింద సమ్మతి పత్రం నకలు. అందులో అనసూయ వంకర టింకర సంతకం. దాని కింద సాక్షి సంతకం ఇంకొకటి.

అది మార్తది.

*

ఫిబ్రవరిలో ఆ కాగితాలు పట్టుకుని గడప గడపకీ తిరిగింది మార్తే.

పంపించింది రఘురామ్ గారు. కేంద్ర ప్రభుత్వంలో పెద్ద అధికారి, బడిలో తల్లిదండ్రుల సంఘానికి కార్యదర్శి. కుర్రతనంలో గుంటూరులో విద్యార్థి ఉద్యమంలో తిరిగానని, రాత్రంతా గోడల మీద రాసి పొద్దున్నే లాఠీ దెబ్బలు తిన్నానని చెప్పేవాడు. సంఘంలో అందరూ ఆఫీసర్లూ వాళ్ల భార్యలూ ఉండటం బాగాలేదని, పనిచేసేవాళ్ల గొంతు కూడా వినపడాలని, పట్టుబట్టి మార్తని సభ్యురాల్ని చేశాడు. "చెల్లెమ్మా" అని పిలిచేవాడు. ఆఫీసరు నోటివెంట ఆ మాట వింటే ఆమెకి మనసు నిండిపోయేది.

తొమ్మిదిలో వెనకబడ్డ పిల్లలకి సాయంత్రం పూట విడిగా పాఠాలు చెప్పిస్తామన్నాడు. అవకాశాల పథకమన్నాడు. మూడు పేజీల ఫారం. మొదటి పేజీలో నిజంగానే సాయంత్రం క్లాసుల సంగతి ఉంది. సంతకం మూడో పేజీలో. రెండో పేజీ మార్త చదవలేదు. ఇంగ్లీషు రాక కాదు. రోజూ ఆసుపత్రిలో రోగుల బంధువులకి, చదివి సంతకం పెట్టండమ్మా అని చెప్పేది తనే. రఘురామ్ గారిచ్చిన కాగితం చదివి చూడాలని ఆమెకి తోచనే లేదు.

ఆ ఆడవాళ్లకీ అంతే. నర్సు దీదీ తెచ్చిన కాగితమని పెట్టేశారు.

"మా ఇంట్ల కూసొని చాయ్ తాగి పెట్టిచ్చుకపోతివి గదా" అంది అనసూయ, మూసిన గేటు ముందు. అరవలేదు. అరిచినా బాగుండేది. "సాయంత్రం ట్యూషన్ జెప్తరంటివి. మరి నీ బిడ్డ లోపల్కెట్ల వోయింది? మా వాడికి లెక్కల్ల ఇర్వై ఎనిమిదొచ్చినయ్. నీ బిడ్డకెన్నొచ్చినయ్?"

"ఇరవై ఆరు" అంది మార్త.

గోడదగ్గరున్న తల్లులందరూ ఆమెవైపు చూశారు.

*

సంఘం గదిలో రఘురామ్ కుర్చీ చూపించాడు. మార్త కూర్చోలేదు.

"రెండో పేజీలో ఏముందో మీకు ముందే తెలుసా?"

"తెలుసు. నీకు చెబితే నొచ్చుకుంటావని చెప్పలేదు." దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. "చూడు చెల్లెమ్మా, పదో తరగతి ఫలితాలు వరసగా మూడేళ్లు నూటికి నూరు శాతం వస్తేనే ఈ బడికి ప్లస్ టూ వస్తుంది, కొత్త ల్యాబులొస్తాయి. ఈ ఏడాదీ నూరు శాతం ఖాయమని మాటిచ్చాకే మన పిల్లలకి సింగపూర్ సైన్సు శిబిరంలో చోటిచ్చారు. రెండేళ్లు సాధించాం. ఇదే ఆఖరి ఏడాది. ముప్ఫై మంది కోసం మూడొందల మంది అవకాశాలు పాడుచేద్దామా?"

"వాళ్లకి చదువు చెబితే పాసవుతారు గదండీ."

"ఎవరు చెబుతారు? టైమేది?" గొంతు తగ్గించాడు. "అసలా లిస్టులో ముప్ఫై రెండు పేర్లున్నాయి. ముప్ఫై రెండోది స్తుతిది. ప్రిన్సిపాల్ మేడమ్‌తో మాట్లాడి నేనే తీయించాను. మన తెలుగువాళ్లకి ఆమాత్రం చేసుకోకపోతే ఎట్లా?"

"అనసూయది తెలుగు కాదా?"

రఘురామ్ ఒక్క క్షణం తడబడ్డాడు. "ఆవిడ వేరు" అన్నాడు.

ఎట్లా వేరో మార్త అడగలేదు. మాల్‌లో నేల తుడిచేదాని కొడుకు వేరు. బట్టలు ఇస్త్రీ చేసేదాని కూతురు వేరు. రేపు అవసరం తీరాక ఆసుపత్రిలో బెడ్‌పాన్లు ఎత్తే దాని కూతురూ వేరే అవుతుంది. లాఠీ దెబ్బల కథలు చెప్పిన నోటితోనే ఆ మాట వచ్చింది.

*

"మమ్మీ, నేను క్యూఁ బయటికి రావాలి?" బడి మానేసి వాళ్లతో బయట కూర్చోమని మార్త అనగానే స్తుతి కంచం తోసేసింది. "నా పేరు ఉంది కదా రిజిస్టర్‌లో!"

"ఉందే. వాళ్ల పేర్లు తీసిన చేత్తోనే నీది ఉంచారు."

"సో? నేను అడిగానా? మీరు సైన్ చేయించారు. మిస్టేక్ మీది. పనిష్‌మెంట్ నాకా?"

పిల్ల అన్నదాంట్లో అబద్ధం లేదు. భర్త యేసుదానం పక్కన కూర్చుని, "కాంట్రాక్టు ఉద్యోగం నీది. గొడవలంటే మొదట నీ పేరే కొట్టేస్తారు" అన్నాడు. అదీ అబద్ధం కాదు.

"రమ్మని నేను చెప్పనులే" అంది చివరికి. "సాయంత్రం పార్కులో వాళ్లందరూ కూర్చుంటున్నారు. నేను పోతున్నా. ముందు వాళ్లచేత తిట్టించుకోవాలి."

తిట్లు బాగానే పడ్డాయి. అమ్ముడుపోయావన్నారు. ఆఫీసర్ల చెప్పు కింద చేరావన్నారు. మార్త గడ్డిలో కూర్చుని అన్నీ విని, రెండో పేజీలో ఏముందో హిందీలో, తెలుగులో చదివి వినిపించింది. ముప్ఫై రెండో పేరు సంగతి కూడా దాచకుండా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

సెక్టారు మూలమీద ఇస్త్రీ బండి పెట్టుకున్న సరిత బిహారు మనిషి. ఆమెకి విసుగొచ్చింది. "దీదీ, రోనా బాద్ మే! పహలే బతాఓ, లిస్ట్ బనాయీ కిస్‌నే?"

ఏడుపు తరవాత, ముందు లిస్టు తయారుచేసిందెవరు? ఆ ప్రశ్నతో మాటల దారి మారింది. అప్పటిదాకా మార్త మీద ఉన్న చూపులు బడివైపు మళ్లాయి.

ఒక ఆఫీసులో ప్యూనుగా చేసే శివకుమార్ మాత్రం, "పెద్దోళ్లతో మనకెందుకు? ప్రిన్సిపాల్ మేడమ్ కాళ్లు పట్టుకుందాం. మనసు కరుగుద్ది" అన్నాడు.

"కాళ్లు వట్టుకుంటే నీ ఒక్కనికి సీటిస్తది" అంది అనసూయ. "ముప్పై మందిమి ఇంటికే వోతం. మార్తక్క బిడ్డకియ్యలే? గట్లనే."

అయినా శివకుమార్ మాట కూడా కాదనలేదు. రెండు రోజులు అర్జీ పట్టుకుని గేటు ముందు నిలబడ్డారు. ప్రిన్సిపాల్ చూడలేదు. సంతకాలు మీవే కదా అని గుమస్తాతో చెప్పి పంపింది. రెండో రోజు సాయంత్రం అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుంటూ, "అయితే పదండి, ఏం చేద్దామంటే అది చేద్దాం" అన్నాడు శివకుమారే.

*

శనివారం బడి హాల్లో సంఘం వార్షిక సమావేశం. వేదిక మీద పెద్ద బ్యానరు: విద్యార్థి అవకాశాల దినోత్సవం. సింగపూర్ వెళ్లే పదిమంది పిల్లలు నీలం కోట్లలో ముందు వరసలో కూర్చున్నారు. వాళ్లలో రఘురామ్ కూతురు సాత్విక ఒకతె. సంఘం సభ్యురాలిగా అతిథుల్ని కూర్చోబెట్టే పని మార్తది. ఆమె పక్క తలుపు గడియ తీసింది. ముప్ఫై ఒక్క మంది పిల్లలూ, వాళ్ల అమ్మలూ నాన్నలూ యూనిఫారాలతో, పని బట్టలతో, ఇస్త్రీ బొగ్గు మసి చేతులతో లోపలికొచ్చి గోడల పొడుగునా నిలబడ్డారు.

రఘురామ్ నివేదిక చదువుతున్నాడు. "సమష్టి కృషి వల్ల..."

మార్త వేదికెక్కి మైకు ముందు నిలబడింది. ఆమె ఎప్పుడూ మైకులో మాట్లాడలేదు.

"నా పేరు మార్త. ఈ సంఘం మెంబర్ని. వీళ్ల సంతకాలు నేను తెచ్చాను. ట్యూషన్ కోసమని అబద్ధం చెప్పి తెచ్చాను. అది అబద్ధమని అప్పుడు నాకు తెలీదు, ఈయనకి తెలుసు. సాక్షి సంతకం నాది. నేనే చెబుతున్నా, ఈ సమ్మతి చెల్లదు. నూటికి నూరు మంది పాసవ్వాలని మార్కులు తక్కువొచ్చిన పిల్లల్ని బయటికి నెట్టేస్తున్నారు. ఆ నీలం కోట్లు ఈ పిల్లల పేర్లు కొట్టేస్తే వచ్చినయ్యి."

"మైక్ బంద్ కరో!" అరిచాడు రఘురామ్. మైకు ఆగిపోయింది. "మీరు చేస్తున్నది ద్రోహం, మార్త గారూ!"

చెల్లెమ్మ పోయి గారు వచ్చింది.

"ద్రోహం నాకు తెలుసండీ, ఒకసారి చేశాను" అంది మార్త, మైకు లేకుండానే. "ఇక చెయ్యను."

హాల్లో కలకలం. ముందు కుర్చీల్లోంచి ఒకాయన లేచి, చదవలేని పిల్లలు అందరికీ బరువని, ఓపెన్ స్కూలులో తప్పేముందని అన్నాడు. "మంచిదైతే మీ పిల్లగాన్ని తోలుర్రి!" అని గోడదగ్గర్నుంచి అనసూయ కేక. ఆయన కూర్చున్నాడు.

అప్పుడు పదో తరగతి వరసలోంచి స్తుతి లేచింది. ఆ పిల్ల వస్తుందని మార్త అనుకోలేదు. మూడు రోజులుగా తల్లితో సరిగా మాట్లాడనే లేదు. నడిచి వేదిక ముందుకొచ్చి, అందరివైపు తిరిగి నిలబడింది.

"మేరా నామ్ స్తుతి. మేథ్స్ మే ఇరవై ఆరు." గోడవారనున్న వాళ్లవైపు చూసింది. "లిస్ట్‌లో థర్టీ సెకండ్ నేను. నా పేరు కూడా తీసెయ్యండి. లేకపోతే అందర్నీ లోపలికి తీసుకోండి."

అని నేలమీద కూర్చుంది.

అర్జున్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "అర్జున్. ఇరవై ఎనిమిది." సరిత కూతురు వచ్చింది. "పూనమ్. సైన్స్ మే నైంటీన్." ఒకరి వెనక ఒకరు. ఏడాదంతా చెప్పుకోడానికి సిగ్గుపడ్డ మార్కులు, రిపోర్టు కార్డులు తిరగేసి దాచుకున్న మార్కులు, నిండు సభలో గొంతెత్తి చెప్పారు. పన్నెండు. ముప్ఫై. ఇరవై ఒకటి. చెప్పినవాళ్లు చెప్పినట్టే నేలమీద కూర్చున్నారు. ముప్ఫై రెండు పేర్లూ అయ్యాయి. నీలం కోటులో సాత్విక తలెత్తలేదు. లేచీ రాలేదు. ఎవరో ఒక టీచరు మాత్రం చివరి వరసలో నిలబడి చప్పట్లు కొట్టి, ప్రిన్సిపాల్ చూపు తగలగానే ఆపేసింది.

"లేవండి, బయటికి నడవండి" అన్నాడు రఘురామ్.

"పదో క్లాసులో కూర్చోబెట్టేదాకా లేవం" అంది మార్త. గోడలవెంట ఉన్న తల్లిదండ్రులందరూ పిల్లల చుట్టూ కూర్చుండిపోయారు.

మధ్యాహ్నం ఒంటిగంటకి పోలీసులొచ్చారు. ఫిర్యాదు మీద సంతకం రఘురామ్‌ది. అక్రమంగా చొరబడి సమావేశం చెడగొట్టారని రాశాడు. మార్తని, అనసూయని, సరితని, శివకుమార్‌ని వ్యానెక్కించారు. శివకుమార్‌ని ఎక్కిస్తుంటే, "నేను కాళ్లు పట్టుకుందామన్నవాణ్ణే సార్" అన్నాడు. ఎస్సైకి అర్థం కాలేదు గానీ అనసూయకి నవ్వాగలేదు.

*

సాయంత్రం ఐదింటికి పూచీ రాయించుకుని వదిలారు. ఈలోపు మార్త ఫోనుకి రెండు కబుర్లు వచ్చాయి. సంఘం సభ్యత్వం రద్దు చేశామని ఒకటి. సోమవారం డ్యూటీకి రాకముందు సూపర్‌వైజర్ని కలవమని రెండోది.

స్టేషను బయట ఫుట్‌పాత్ మీద ముప్ఫై రెండు మంది పిల్లలూ బారుగా కూర్చున్నారు. సోమవారం బడి గేటు ముందే క్లాసు పెట్టుకుందామని వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు. చప్పట్లు కొట్టి ఆపేసిన టీచరమ్మ లెక్కలు చెప్పడానికి వస్తానందట. వస్తుందో రాదో. అర్జున్ తల్లిని చూసి పరుగెత్తుకొచ్చాడు. స్తుతి లేచి మార్త చెయ్యి పట్టుకుంది.

అక్కడే, కొంచెం ఎడంగా ఒకామె నిలబడి ఉంది. మెడలో ఏదో కంపెనీ గుర్తింపు కార్డు. వీళ్లెవరికీ తెలిసిన మొహం కాదు. పిల్లలు హాల్లో మార్కులు చెప్పుకున్న వీడియో ఫోనులో చూసి, సంగం విహార్ నుంచి బస్సులో వచ్చిందట. ఆమెది విజయనగరం, పేరు కాంతమ్మ.

"మా పాప బడిలో కూడా లిస్టు రాస్తన్నారని చెప్పుకుంటన్నారండి. నలభై నాలుగు పేర్లంట" అంది. "మీరు ఎలాగ మొదలెట్టారో తెలుసుకుందామని వచ్చాను."

మార్త ఆమె దగ్గరికి జరిగింది. "సంతకాలు పెట్టేశారా?"

"నేదండి. రేపు ఇంటింటికీ వస్తారంట, మా సంఘమావిడ."

మార్త అనసూయవైపు చూసింది. అనసూయ అప్పటికే కొంగు నడుముకి దోపుకుంటోంది. సరిత చేయి ఊపి ఆటోని ఆపింది.

"ఆ ఆవిడ ఇల్లు మీకు తెలుసా?" అంది మార్త ఆటో ఎక్కుతూ. "ముందు ఆవిడ దగ్గరికే పోదాం. రెండో పేజీ ఆవిడ కూడా చదివి ఉండదు."