కంప్యూటరు నోరు మూసిన వారం

జనన మరణాల నమోదు ఆఫీసులో టైపు మిషన్లు పోయి పదిహేనేళ్లయింది. అయినా కంప్యూటరు ముందు కూర్చునే ఆమెను అందరూ టైపిస్టమ్మ అనే పిలుస్తారు. ఆమె బల్ల కింది కంప్యూటరు కూడా ఆమెతో పాటే ముదిరింది. పొద్దున్న మీట నొక్కగానే ముందు దగ్గేది, తర్వాత గురక పెట్టేది. పదకొండు కొట్టేసరికి గదిలో ఎవరో పిండిమర పెట్టినంత రొద. దాని వెనక నుంచి వచ్చే వేడిగాలికి ఆమె పిక్కలు కమిలిపోయేవి.

వేడి సంగతి ఎలా ఉన్నా, కిటికీ అవతలివాళ్లతో మాట్లాడటం పెద్ద అవస్థ అయిపోయింది.

"జననమా, మరణమా?" అని ఆమె అరవాలి.

"మరణమండీ!" అని వాళ్లు అరవాలి.

"ఎవరిది?"

"మా నాన్నగారిది!"

"గట్టిగా చెప్పండి, వినబడటం లేదు!"

వరసలో నిలబడిన పాతికమందికీ ఎవరింట్లో ఎవరు పోయారో, దేనితో పోయారో తెలిసిపోయేది.

మూడేళ్లలో ఆమె సూపరింటెండెంటుకి ఏడు అర్జీలు పెట్టింది. ఆయన అదే గదిలో ఒక మూల చెక్క అడ్డుగోడ కట్టించుకుని దాని వెనక కూర్చుంటాడు. ప్రతి అర్జీ మీదా "పరిశీలించవలెను" అని రాసి పక్కన పెట్టేవాడు. ఒకసారి ఆమె పట్టుబట్టి అడిగితే, "మిషనన్నాక చప్పుడు చెయ్యదా అమ్మా? చప్పుడు చేస్తోందంటే పని చేస్తోందనేగా!" అన్నాడు.

"ఆ లెక్కన తమరి దగ్గర్నుంచి ఒక్క చప్పుడూ రాదేం?" అని ఆమె తన బల్ల దగ్గరకొచ్చి గొణుక్కుంది. గొణుక్కోవడం ఆమెకు పాత అలవాటు. పిండిమరలో ఎవరి గొణుగుడు ఎవరికి వినబడుతుంది?

ఈ మధ్య కంప్యూటరు వేడెక్కి దానంతటదే ఆగిపోవడం మొదలుపెట్టింది. ఒకనాడు ఎవరికో కవలలు పుట్టారు. మొదటి పిల్లాడి పత్రం పూర్తయింది, రెండోవాడి పేరు సగంలో ఉండగా తెర నల్లబడింది. "అయ్యో, మావాడు!" అని ఆ తండ్రి కిటికీ ఊచలు పట్టుకుని వేలాడాడు. పిల్లాడికేం కాలేదని నమ్మించేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. ఆ సాయంత్రమే ఆమె తన మరిదిని బతిమాలుకుంది. అతనికి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. ఆఫీసు మీద భారం పడనంతవరకు తనకు అభ్యంతరం లేదని సూపరింటెండెంటు పెద్దమనసు చేసుకున్నాడు.

మర్నాడు మరిది సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

"వదినా, నీ కంప్యూటరు గోల కింద మెట్ల దగ్గరికే వినబడుతోంది. ఇన్నాళ్లు ఎలా భరించావు?"

"మీ అన్నయ్యని భరించడం లేదూ? అలాగే," అంది టైపిస్టమ్మ.

అతను పెట్టె మూత విప్పాడు. లోపల దుమ్ము దూది పరుపులా పేరుకుపోయి ఉంది. అతను బ్రష్షుతో రాల్చి, చిన్న గాలి మిషనుతో ఊదాడు. ఎదురు బల్ల దగ్గర పత్రాల మీద ముద్రలు వేసే గుమాస్తా తుమ్ముతూ వరండాలోకి పరుగెత్తాడు. ఫ్యాను ఇరుసు అరిగిపోయి ఊగుతోంది. దాని కింద వేడిని లాగడానికి పూసే ముద్ద ఎండి సున్నపు పెచ్చులా రాలింది. మరిది పాతదంతా గీకి, కొత్తది పూసి, ఇంకో ఫ్యాను బిగించాడు.

"ఇప్పుడు వెయ్యి వదినా."

ఆమె మీట నొక్కింది. చప్పుడు రాలేదు. సరిగా నొక్కలేదేమోనని మళ్లీ నొక్కింది. నడుస్తున్న కంప్యూటరు కాస్తా ఆగిపోయింది. "అది నడుస్తోంది వదినా, నడుస్తోంది!" అని మరిది తల పట్టుకున్నాడు. మూడోసారి నొక్కి, తెర వెలిగేదాకా ఆమె ఊపిరి బిగబట్టింది. గది నిశ్శబ్దంగా ఉంది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

మరిది వెళ్లిపోయాడు. ఆ వెనకే కష్టాలు మొదలయ్యాయి.

ముందు అడ్డుగోడ వెనక నుంచి ఫోను మాటలు వినబడ్డాయి. "అలాగేనే... తప్పయిపోయిందిలే... నేనే ఉతుకుతాను, నువ్వు ముట్టుకోకు... ఏడవకే, ఒప్పుకుంటున్నాగా!" ఆఫీసంతటినీ గడగడలాడించే సూపరింటెండెంటు గొంతు అది. ముద్రల గుమాస్తా చేతిలో ముద్ర గాల్లోనే ఆగిపోయింది. కిటికీ అవతల ఎవరో కిసుక్కుమన్నారు.

సాయంత్రం గుమాస్తా వంతు వచ్చింది. చెల్లెలితో ఫోనులో, "మా ఆఫీసులో ఒక గయ్యాళి ఉంది, దాని కేకలకి చచ్చినవాళ్లు కూడా లేచొచ్చి పేరు సరిచూసుకుంటారు," అంటున్నాడు. టైపిస్టమ్మ కళ్లజోడు మీది నుంచి చూసింది. అతను తేలు కుట్టిన దొంగలా ఫోను జేబులో వేసుకున్నాడు. ఆమెకు మనసు చివుక్కుమంది. రోజూ "అక్కా, అక్కా" అని తిరిగేవాడు!

మూడోనాడు సూపరింటెండెంటు వచ్చి ఒక పత్రం మళ్లీ టైపు చెయ్యమన్నాడు. చుక్క పెట్టాల్సిన చోట గీత పడిందట.

"చిత్తం సార్," అంది ఆమె. ఆయన వెనుదిరగ్గానే ఎప్పటిలాగే, "చుక్కకీ గీతకీ తేడా తెలిసినవాడికి రాతకీ కోతకీ తేడా తెలియదు," అంది.

సూపరింటెండెంటు ఆగాడు.

"ఏమన్నారు?"

"ఏం లేదు సార్."

"మొన్నటి నుంచీ వింటూనే ఉన్నాను, టైపిస్టమ్మగారూ. నిన్న నన్ను నిద్రగన్నేరు చెట్టన్నారు."

ఆమె మొహం కందగడ్డ అయింది. మూడేళ్లుగా రోజూ ఎన్ని అని ఉంటుందో లెక్కలేదు. అదంతా ఆ పాత ఫ్యానే కడుపులో దాచుకుంది.

ఆ తర్వాత ముగ్గురికీ నోళ్లు కుట్టేసినట్టయింది. ఫోను మోగితే సూపరింటెండెంటు మెట్ల కిందికి పోతున్నాడు. గుమాస్తా ముద్రలు మెల్లగా, దొంగతనం చేసేవాడిలా వేస్తున్నాడు. టైపిస్టమ్మ పెదాలు బిగించుకుని దవడలకు నొప్పి తెచ్చుకుంది.

శుక్రవారం ఒకావిడ కిటికీ దగ్గరకొచ్చింది. నలభై ఏళ్లుంటాయి, చేతిలో మరణ దరఖాస్తు ఉంది. అలవాటు కొద్దీ టైపిస్టమ్మ కేక వేయబోయి తమాయించుకుంది.

"ఎవరమ్మా?" అని మామూలుగా అడిగింది.

"మా ఆయనండీ." ఆవిడ గొంతు పెదవి దాటీ దాటకుండా ఉంది. అయినా ప్రతి అక్షరమూ వినబడింది. పేరు చెప్పింది. తేదీ చెప్పింది. అడగకుండానే, "ఆ రోజు పొద్దున్న పోట్లాడానండీ ఆయనతో," అంది.

టైపిస్టమ్మ చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్లలో ఈ కిటికీ దగ్గర ఎంతమంది ఇలాంటి మాట చెప్పబోయి ఉంటారు? "గట్టిగా చెప్పండి" అని తను ఎంతమంది మీద అరిచింది?

"కూర్చోమ్మా," అంది. గుమాస్తా, ఎవరూ చెప్పకుండానే, తన కుర్చీ ఎత్తి కిటికీ అవతల వేసి వచ్చాడు.

సోమవారం పొద్దున్న ఇద్దరు పనివాళ్లు వచ్చి, అడ్డుగోడ పైన గుమ్మడికాయంత గాలిపంకా ఒకటి బిగించారు. గదిలో గాలి ఆడటం లేదని సూపరింటెండెంటు శనివారం రాసుకున్న అర్జీ శనివారమే మంజూరైందట. మీట నొక్కగానే అది విమానంలా హోరెత్తింది. గడియారం టిక్కుటిక్కు మునిగిపోయింది. అడ్డుగోడ వెనక ఫోను మోగింది. గుమాస్తా ముద్రలు టపాటపా పడ్డాయి. టైపిస్టమ్మ కూడా, సిగ్గు పడుతూనే, హాయిగా రెండు మాటలు గొణుక్కుంది.

పదకొండింటికి ఒక ముసలాయన మరణ దరఖాస్తు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఏదో అన్నాడు. ఆమెకు వినబడలేదు. "గట్టి..." అని ఆగిపోయింది. లేచి వెళ్లి అడ్డుగోడ మీద రెండుసార్లు తట్టింది.

"సార్, కాసేపు ఆపండి."

"ఎందుకూ?"

"మరణం సార్."

లోపల మీట టక్కుమంది. తర్వాత పంకా నిదానంగా ఆగింది. ముసలాయన తన తమ్ముడి పేరు చెప్పుకున్నాడు.

ఆ రోజు అలా ఆరుసార్లు తట్టింది. ఆరుసార్లూ ఆయన ఆపాడు, ఒకసారి ఫోనులో మాట మధ్యలో కూడా. మర్నాడు కరెంటు మనిషి వచ్చి పంకా మీటను అడ్డుగోడ అవతల నుంచి తీసి టైపిస్టమ్మ బల్ల పక్కన బిగించాడు. దానికి సంబంధించిన కాగితం సంతకాల కోసం ఆమె దగ్గరికే వచ్చింది. కారణం అన్న చోట సూపరింటెండెంటు తన గుండ్రటి దస్తూరిలో "విద్యుత్తు పొదుపు నిమిత్తం" అని రాశాడు.