రెండోసారి చెప్పని మాట

కోపమొస్తే పళ్ళు రాలగొడతానని ఎవరైనా అంటారు. అందుకు కావలసిన సరంజామా అంతా చేతికందేంత దూరంలో ఉన్నా, పళ్ళ డాక్టరమ్మ ఇన్నేళ్ళలో ఎవరి పన్నూ కోపంతో పీకలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆ ముచ్చట తీర్చుకుందామని చేతులు దురద పెట్టాయి. కుర్చీలో దవడ పట్టుకుని పడుకున్నది బడి కమిటీ ప్రెసిడెంటు మరి.

ఆయన పాత పేషెంటే. వచ్చినప్పుడల్లా ఒకటే మెచ్చుకోలు. "అబ్బ, మా భాష ఎంత శుభ్రంగా మాట్లాడతారండీ! మీ జాతివాళ్ళ నోట ఇలాంటి మాట నేనెక్కడా వినలేదు. ఎక్కడ నేర్చుకున్నారు?"

ఎక్కడ నేర్చుకుంటుంది? అమ్మ ఒళ్ళో నేర్చుకుంది. పుట్టింది పక్క వీధిలోనే. తాత కుర్రతనంలోనే సముద్రం దాటి ఈ ఊరొచ్చి స్థిరపడ్డాడు. ఆయన నల్లటి రంగు, రింగుల జుట్టు ఆమెకొచ్చాయి, ఆమె కూతురికీ వచ్చాయి. మొదట్లో ఈ సంగతి చెప్పేది. ఆయన తలూపి, మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అదే అడిగేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకని మానేసింది.

తన వరకైతే దులిపేసుకునేది. ఇప్పుడు పిల్ల జోలికొచ్చాడు.

ఆ సాయంత్రమే బడి వార్షికోత్సవం. అందులో నాటకం వేస్తున్నారు. పక్కన నిలబడి కథ చెప్పేందుకు టీచరమ్మ పిల్లలందరి చేతా చదివించి చూసి, చివరికి డాక్టరమ్మ కూతుర్ని ఎంచుకుంది. అన్నం తింటూ, జడ వేయించుకుంటూ పిల్ల ఆ కథే వల్లించింది. నిన్న రిహార్సల్ చూడ్డానికొచ్చిన ప్రెసిడెంటు చప్పట్లు కొట్టాడు. "బంగారు గొంతు! కళ్ళు మూసుకుని వింటే అచ్చం మన పిల్లే అనుకుంటాం. కళ్ళు తెరిస్తేనే చిక్కు" అని, పిల్లను తెర వెనక నిలబెట్టమన్నాడు. తెర ముందు ఫర్నిచర్ షాపాయన కూతురు కొత్త గౌను వేసుకుని పెదవులు ఆడిస్తుందట.

పిల్ల ఏడవలేదు. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ అడిగింది. "కళ్ళు తెరిస్తే ఏమవుతుందమ్మా?"

ఏడ్చినా బాగుండేది.

"ప్రాణం తోడేస్తోందండీ" అన్నాడు కుర్చీలోంచి ప్రెసిడెంటు.

డాక్టరమ్మ చూసింది. కింది దవడ పన్ను, లోపలంతా పుచ్చిపోయింది. "సూది వేస్తే పెదవి, నాలుక ఓ పక్క మొద్దుబారిపోతాయండీ. రాత్రిదాకా మాట సరిగ్గా రాదు. సాయంత్రం సభలో మాట్లాడేదుంటే ఇవాళ్టికి మాత్రలిస్తాను, రేపు రండి." పగ ఉంది కదా అని వృత్తిధర్మం తప్పే మనిషి కాదు. ఒక్కో మాటా విడమరిచి చెప్పింది.

ఆయన కళ్ళు మూసుకుని, చిరునవ్వుతో విన్నాడు. "ఏం ఉచ్చారణండీ! ఆ ఒత్తులు ఎంత శ్రద్ధగా పలుకుతారో! వింటుంటే సగం నొప్పి పోయింది."

"నేను చెప్పింది విన్నారా?"

"వింటూనే ఉన్నానుగా, సంగీతంలా ఉంది. ఆ సూదేదో వేసేయండి తొందరగా."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. ఆయన ఆమె గొంతు విన్నాడు గానీ మాట వినలేదు. అసలు ఇన్నేళ్ళుగా విన్నదీ గొంతే. రెండోసారి చెప్పొచ్చు. ఇంకెవరైనా అయితే చెప్పేదే. బూట్లు విప్పుకుంటున్న పిల్ల మొహం గుర్తొచ్చింది. సూది వేసేసింది.

పని మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేసింది. అంతా అయ్యాక ఆయన పుక్కిలించబోతే నీళ్ళు చొక్కా మీదికి కారాయి. "థాయంతం... థభ..." అని అద్దంలో తన మూతి చూసుకుని గుడ్లు తేలేశాడు.

"అబ్బ, ఎంత చక్కగా మాట్లాడుతున్నారండీ!" అంది డాక్టరమ్మ. "సూది పడ్డవాళ్ళ నోట ఇంత స్పష్టమైన మాట నేనెక్కడా వినలేదు. ఎక్కడ నేర్చుకున్నారు?"

సాయంత్రం బడి హాలు కిక్కిరిసింది. ముందు వరసలో అతిథులు. స్టేజీ పక్కన ప్రెసిడెంటు ఓ చేత్తో ఉపన్యాసం కాగితం, ఇంకో చేత్తో మూతికి రుమాలు పట్టుకుని నిలబడ్డాడు. కాగితాన్ని డాక్టరమ్మ కూతురికి అందించి, తెర వెనక్కి వేలు చూపించాడు.

డాక్టరమ్మ అడ్డం వచ్చింది. "తెర వెనక నుంచి మా అమ్మాయి ఈ కాగితమూ చదవదు, కథా చెప్పదు. చెబితే తెర ముందే. మీరు కావాలంటే వెనక కూర్చోండి."

ఫర్నిచర్ షాపాయన కూతురికి పెదవులు ఆడించడమే నేర్పారు, కథలో ఒక్క ముక్క రాదు. అతిథులు గడియారాలు చూసుకుంటున్నారు. ప్రెసిడెంటు మొహం జేవురించింది. ఏదో గట్టిగా అనబోయాడు. సొంగ తప్ప మాట రాలేదు.

"మీరేమంటున్నారో ఒక్క ముక్క అర్థం కావట్లేదు సార్" అంది టీచరమ్మ. ఆమె కడుపులోనూ నిన్నటి మంట అలాగే ఉంది. "సరేనన్నారనుకుంటాను" అని పిల్లను వెలుగులోకి పంపేసింది.

పిల్ల ఉపన్యాసం చదివింది, కథ చెప్పింది. హాలంతా కళ్ళప్పగించి విన్నారు. తెర వెనక విరిగిన బల్ల మీద ప్రెసిడెంటు మూతి తుడుచుకుంటూ కూర్చున్నాడు. డాక్టరమ్మ కూతుర్ని చూసి పొంగిపోయింది. ఆ రుమాలును చూసి ఇంకాస్త పొంగిపోయింది, దాచడమెందుకు?

వారం తర్వాత మిగిలిన పని చేయించుకోడానికి ఆయన రాక తప్పలేదు. డాక్టరమ్మ సూది చేతిలోకి తీసుకుని చెప్పాల్సింది చెప్పింది. ఆయన గబుక్కున కళ్ళు తెరిచి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఇప్పుడేమన్నారు డాక్టరుగారూ? మళ్ళీ ఒక్కసారి చెప్పండి."

"అబ్బ, ఎంత శ్రద్ధగా వింటున్నారండీ!" అందామె. "మీలాంటివాళ్ళు కూడా ఇలా వింటారని నేను కలలో కూడా అనుకోలేదు."