కుడికాలి గేరు

ఆసుపత్రిలో ఆమెను అందరూ సిస్టరమ్మ అనేవారు. మంచం దిగలేని రోగుల ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చడం, సూదులు వేయడం ఆమె పని. ఊరి వెనక గుట్ట మీద, రాళ్ళ గని పక్కనున్న ఇళ్ళకు వెళ్ళమంటే మిగతా నర్సులకు ఎక్కడలేని నడుం నొప్పులూ పుట్టుకొచ్చేవి. ఆమె మాత్రం మోటార్ సైకిలు వెనక మందుల పెట్టె బిగించుకుని, కంకర దారిలో గడగడా ఎక్కేసేది. ఆ దారిలో ఏ మలుపు దగ్గర ఏ కుక్క మొరుగుతుందో కూడా ఆమెకు తెలుసు.

ఒక వానరోజు ఇసుక లారీ ఒకటి వెనక్కి వస్తూ ఆమె ఎడమ పాదం తొక్కేసింది. ప్రాణం దక్కింది, పాదమూ దక్కింది. కానీ చీలమండలో కమ్మీలు వేసి బిగించేశారు. ఇక అది వంగదు. నడవమంటే నడుస్తుంది, మెట్లెక్కమంటే ఎక్కుతుంది. గేరు పైకెత్తమంటే మాత్రం చెక్కముక్కలా ఉండిపోతుంది. ఆసుపత్రి వాళ్ళు జాలిపడి ఆమెను మందుల గది కిటికీ వెనక కూర్చోబెట్టారు. ఆ జాలి ఆమెకు కాలినొప్పికన్నా ఎక్కువ సలిపింది.

"గేర్లు లేని స్కూటరు తీసుకోవచ్చుగా అక్కా" అన్నాడు తమ్ముడు. అతనికి బజారులో కళ్ళద్దాల దుకాణం ఉంది. అక్క ఉండేది వాళ్ళింటి మేడ మీద గదిలోనే.

తీసుకుంది కూడా. బజారు దాకా స్కూటరు బుద్ధిగానే నడిచింది. గుట్ట దారిలో కంకర తగలగానే దాని చిన్న చక్రాలు పక్కకు జారి, ఆమెను తీసుకెళ్ళి ముళ్ళకంచెలో కూర్చోబెట్టాయి. మర్నాడే దాన్ని మరదలికి ఇచ్చేసింది.

ఒక ఆదివారం మరదలు పాత పరుపు బయట పారేద్దామని గరాజు తలుపు తీసింది. సాయానికి ఆమె వెళ్ళింది. పరుపు లాగితే కింద టార్పాలిన్, టార్పాలిన్ లాగితే కింద ఒక పాత బ్రిటిష్ మోటార్ సైకిలు. పెళ్ళికి ముందు తమ్ముడు మోజుపడి ఎక్కడినుంచో తెచ్చి, వచ్చే నెల పని మొదలుపెడతానని మూల నిలబెట్టిన బండి అది. ఆ వచ్చే నెల ఇంతవరకూ రాలేదు. ట్యాంకు తుప్పు పట్టింది. సీట్లో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని పెంచి, ఖాళీ చేసి కూడా వెళ్ళిపోయాయి.

"నా సవతి" అంది మరదలు పరిచయం చేస్తూ. "చాలా మంచిది. మీద ఏం పెట్టినా మోస్తుంది, తిరిగి ఒక్క మాటనదు."

ఆమె నవ్వుతూ వంగి చూసి, నవ్వు ఆపేసింది. గేరు కడ్డీ కుడివైపు ఉంది. నమ్మకం కలగక చుట్టూ తిరిగి వచ్చింది. ఎడమవైపు ఉన్నది బ్రేకు. కిక్కు కొట్టే రాడ్డు కూడా కుడివైపే. అంటే ఎడమ కాలు చేయాల్సిందల్లా బ్రేకు తొక్కడం. తొక్కడానికి చీలమండ వంగక్కర్లేదు, మోకాలు చాలు.

సాయంత్రం తమ్ముడు దుకాణం మూసి వచ్చేసరికి ఆమె ఇంకా గరాజులోనే ఉంది.

"పాత ఇంగ్లీషు బళ్ళన్నీ అంతే అక్కా. మన బళ్ళు ఎడ్డెమంటే అవి తెడ్డెమంటాయి" అన్నాడు.

"దీన్ని నేను బాగుచేస్తాను."

అతని ముఖం చిన్నబోయింది. "అది నాది."

"నీదే. కాదని ఎవరన్నారు? బాగుచేస్తానన్నాను, ఎత్తుకుపోతానన్లేదు."

"నేనే చేద్దామనుకుంటున్నా. వచ్చే నెల..."

వంటింట్లోంచి మరదలు దగ్గింది.

మొదటి నట్టు దగ్గరే తలప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో ఉన్న పానాల్లో ఒక్కటీ దానికి పట్టలేదు. ఒకటి వదులు, ఇంకొకటి బిగువు. పాత ఇంగ్లీషు కొలతలు వేరట. లారీ షెడ్లన్నీ గాలించి, పాత సామాన్ల కొట్టులో అలాంటి పానాలు పట్టుకొచ్చింది. తీరా చూస్తే ఇంజను లోపల పిస్టను సిలిండరుకు అతుక్కుపోయి ఉంది. ఆమె ఇంజను పైభాగం విప్పి, పిస్టను మీద డీజిలు పోసి ఊరుకుంది. రోజూ పనినుంచి రాగానే కాస్త పోసి, కాస్త కదిపి చూసేది. కదిలేది కాదు. ఎండి అతుక్కున్న కట్టును తడపకుండా లాగితే కట్టుతోపాటు చర్మం ఊడొస్తుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తమ్ముడు మాత్రం గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. గట్టుమీద నిలబడి ఈత నేర్పేవాడిలా అక్కడినుంచే సలహాలిచ్చేవాడు.

అలాంటివాడు ఒకరోజు, అక్క ఆసుపత్రిలో ఉండగా, గరాజులోకి వెళ్ళి సుత్తి పట్టాడు. చెక్క దిమ్మ అడ్డంపెట్టి పిస్టను మీద గట్టిగా కొట్టాడు. పిస్టను కదిలింది. దాంతోపాటు సిలిండరు కింది అంచు కూడా పెచ్చులా ఊడింది.

ఆమె వచ్చేసరికి అతను గరాజులో కింద కూర్చుని ఉన్నాడు. అన్నం తినలేదని మరదలు కళ్ళతోనే చెప్పింది.

"నువ్వు వచ్చేలోపు ఊడదీసి చూపిద్దామనుకున్నా" అన్నాడు తలెత్తకుండా. "ఇన్నేళ్ళూ బద్ధకంతో వదిలేశాననుకున్నారు మీరంతా. బద్ధకం కాదక్కా. విప్పితే మళ్ళీ బిగించలేనేమోనని భయం. ముట్టుకోనంతకాలం అది ఎప్పటికైనా బాగుపడే బండి. ఇప్పుడు చూడు, ముట్టుకున్నాను."

ఆమెకు చాలా కోపం వచ్చింది. నోరు తెరిస్తే ఏమనేస్తుందో తనకే తెలియక, బయటికి వెళ్ళి కుళాయి కింద చేతులు కడుక్కుంది. అవసరమైనదానికన్నా చాలాసేపు కడుక్కుంది. తిరిగి వచ్చి అడిగింది.

"ఊడిన ముక్క ఎక్కడుంది?"

అతను చొక్కా జేబులోంచి తీశాడు. కళ్ళద్దాలు తుడిచే మెత్తని గుడ్డలో చుట్టిపెట్టుకున్నాడు.

"పోత ఇనుము అతికేవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. రేపు దుకాణం ఆలస్యంగా తెరువు" అంది. "ముందు లేచి అన్నం తిను. నీతోపాటు నీ పెళ్ళాం కూడా పస్తు ఉంది, పాపం."

మొదటి వెల్డరు చూసి పెదవి విరిచాడు. రెండోవాడు చేతిలోకి కూడా తీసుకోలేదు. నీటి పంపులు బాగుచేసే ఒక పెద్దాయన మాత్రం ముక్కను అంచుకు ఆనించి చూసి, "నెమ్మదిగా వేడెక్కించాలి, అంతకన్నా నెమ్మదిగా చల్లార్చాలి. తొందర లేదంటేనే వదిలి వెళ్ళండి" అన్నాడు. వాళ్ళు తొందరపెట్టలేదు. సిలిండరు అతుకుతో తిరిగి వచ్చింది. లోపల నునుపు చేయించి, కొత్త పిస్టను వేయించారు.

ఆ తర్వాత తమ్ముడు గడప బయట నిలబడలేదు. కార్బ్యురేటరు అతనికే అప్పగించింది. వెంట్రుకంత సన్నటి రంధ్రాలను అతను కళ్ళద్దాల మరలు బిగించే పనిముట్లతో, ఊపిరి బిగబట్టి శుభ్రం చేశాడు. మరదలు ట్యాంకులో గులకరాళ్ళూ సబ్బునీళ్ళూ పోసి కుదిపి కుదిపి తుప్పు రాల్చింది. "సవతికి తలంటు కూడా నేనే పోయాలి" అని సణిగింది గానీ, ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. కమ్మరి బ్రేకు పెడలును వంచి, వంగని పాదానికి అందేలా కిందికి దించాడు.

ఇంజను మొదటిసారి అందుకున్న రోజు వీధంతా పొగ. కింద చమురు చుక్కలు చూసి మరదలు కంగారుపడింది.

"కారనీ. కారుతోందంటే లోపల ఉన్నట్టే" అన్నాడు తమ్ముడు.

సందుల్లో నడిపి నడిపి చేయి తిరిగాక, ఆమె ఆసుపత్రి పెద్ద డాక్టరు ఎదుట, ఆవరణ చుట్టూ నడిపి చూపించింది. ఆయన బ్రేకు పరీక్షగా నాలుగైదుసార్లు ఆపించాడు. ఆపిన ప్రతిసారీ ఆగింది. "సరే, మీ ఇష్టం" అన్నాడు. అంతకుముందు వద్దన్నదీ ఆ గొంతే.

మందుల పెట్టె బిగించుకుని గుట్ట దారి పట్టింది. కంకర మొదలయ్యేచోట బండి దగ్గి ఆగిపోయింది. వెనక గని లారీ హారను మోగించింది. పక్కకు తీసి కిక్కు కొట్టింది. అందుకోలేదు. రెండోసారి రాడ్డు ఎదురుతన్ని అరికాలు జివ్వుమంది. లారీ డ్రైవరు తల బయటపెట్టి "నెట్టమంటారా?" అన్నాడు.

"అక్కర్లేదు."

కాసేపు ఆగి, పెట్రోలు పారనిచ్చి, బరువంతా కుడికాలి మీద వేసి తొక్కింది. ఇంజను అందుకుంది. బొటనవేలితో గేరు పైకెత్తింది. పెద్ద చక్రాలు కంకరను నములుకుంటూ గుట్ట ఎక్కాయి.

మొదటి ఇంటి అరుగు మీద, కాలిపుండుతో కూర్చున్న ముసలామె బండి చప్పుడుకు చెవి రిక్కించింది. దిగింది ఎవరో పోల్చుకుని ముఖం ముడుచుకుంది.

"ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావే?"

"బండి చెడిందమ్మా" అంటూ సిస్టరమ్మ ఆమె పక్కనే కూర్చుని, ఆ కాలును తన ఒళ్ళోకి తీసుకుంది. కట్టు ఎండి పుండుకు అతుక్కుపోయి ఉంది. నీళ్ళు తెప్పించి నెమ్మదిగా తడపడం మొదలుపెట్టింది.