ఇత్తడి గొట్టం

భీమిలి నుంచి చోడవరం ఆడపిల్లల హైస్కూలుకి బదిలీ అయి వచ్చేనాటికి దుర్గాంబ నలభై దాటింది. పెళ్లయిన కొత్తల్లోనే భర్త పోతే, తల్లి పట్టుబట్టి చదివించింది. సైన్సు టీచరయ్యాక తల్లీ కూతుళ్లిద్దరూ సముద్రం ఒడ్డున ఒక పెంకుటింట్లో చాలా ఏళ్లు గడిపారు. తల్లి పోయిన ఏడాదికి బదిలీ ఉత్తర్వు వస్తే, ఆపించమని దుర్గాంబ ఎవరినీ అడగలేదు. ఆపించుకుని ఎవరి కోసం ఉండాలి?

చోడవరంలో సీతామహాలక్ష్మిగారి ఇంట్లో ముందువైపు రెండు గదులు దొరికాయి. ఊరు మంచిదే. చెరకు ఆడే రోజుల్లో గాలి తియ్యగా ఉండేది. పిల్లలు మర్యాద తెలిసినవాళ్లు. కానీ సాయంత్రం బడి వదిలిపెట్టాక ఏం చెయ్యాలో ఆమెకి తోచేది కాదు. వంట ఒక్కదానికే కనక ఇట్టే అయిపోయేది. తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంటే, పక్కవాటాలో రేడియో వార్తలు చదివే ఆయన గొంతు తప్ప తనతో మాట్లాడే గొంతు ఉండేది కాదు.

భీమిలిలో ఆమెకి ఒక అలవాటు ఉండేది. అలలు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల సందుల్లో నిలిచిపోయే నీటి గుంటల దగ్గర గొంతుక్కూర్చుని గంటలు గంటలు చూసేది. రాయిని కరుచుకుని రేకులు విప్పే సముద్రపు పువ్వులు, పేరుకి పువ్వులే కానీ నిజానికి ప్రాణులు. ఖాళీ శంఖాల్లో దూరి కాపురం చేసే పీతలు. ఒంటిమీద నల్లచారలున్న పసుప్పచ్చ చేపపిల్లలు. మొదటి వేసవి సెలవుల్లో ఆ గుంటనే ఇంట్లో పెట్టుకోవాలని ఆమెకి బుద్ధి పుట్టింది. విశాఖపట్నంలో టేకు చట్రానికి మందపాటి అద్దాలు బిగించి, సందుల్లో తారు పోయించి తొట్టె చేయించింది. డబ్బాలతో సముద్రపు నీళ్లు బస్సు మీద వేయించుకుని తెచ్చింది. ఆ నీళ్లతోపాటు రాళ్లూ, ఆ రాళ్లమీద ప్రాణాలూ వచ్చాయి. ఒక రాతినిండా ఆకుపచ్చ గుండీల్లాంటి జీవాలు గుత్తులుగా పట్టి ఉండేవి. పొద్దుటెండ కిటికీలోంచి పడితే అవన్నీ ఒకేసారి విచ్చుకునేవి.

కదలని నీళ్లలో అవి బతకవు. అందుకని తొట్టెకి పైన బల్లమీద ఒక మట్టి బాన పెట్టింది. అందులోంచి సన్నటి ధార తొట్టెలో పడుతుంది. పొర్లిన నీళ్లు కిందనున్న ఇసక బానలోకి పోయి వడగట్టుకుంటాయి. వాటిని పొద్దున్నా సాయంత్రమూ ఎనామిలు మగ్గుతో మళ్లీ పై బానలోకి తోడేది. చిక్కంతా గొట్టం దగ్గరే వచ్చింది. బడి ల్యాబులోని గాజు గొట్టం వంచి పెడితే, బాన కదిపినప్పుడు పుటుక్కున విరిగింది. రబ్బరుది పెడితే నీళ్లకి కంపు పట్టింది. 

బజార్లో కామేశంగారి ఇనప సామాన్ల కొట్టుకి వెళ్లి అడిగింది. కామేశం జింకు పూత ఉన్న ఇనప గొట్టం చూపించాడు. ఉప్పునీళ్లకి ఆ పూత ఊడి నీళ్లలో కలుస్తుందని వద్దంది. అప్పుడు అటక మీంచి కొత్తగా వచ్చిన ప్లాస్టిక్కు గొట్టాలు దింపాడు. కరెంటు తీగలు దూర్చేవి వేరు, మంచినీళ్లవి వేరు అన్నాడు. మంచినీళ్ల గొట్టం చేతిలోకి తీసుకుని వాసన చూసింది. పరవాలేదు. కానీ దాని బూడిద రంగు చూస్తే ప్రాణం ఉసూరుమంది. తన గదిలో చూడదగ్గది ఆ తొట్టె ఒక్కటే. దాని నెత్తిన ఈ ఆసుపత్రి గొట్టమా అనిపించింది. కాస్త అందంగా ఉండేవి లేవా అని అడిగింది.

"లోపలి గదిలో గొట్టం ఎవరు సూస్తారండి? సుట్టాలొస్తారేటి?" అన్నాడు కామేశం మామూలుగానే.

ఆమె గొట్టం బల్లమీద పెట్టేసింది.

కొట్లో అప్పుడు కృష్ణంరాజు ఉన్నాడు. చక్కెర ఫ్యాక్టరీ వర్కుషాపులో ఫోర్మను. భార్య పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. రిటైరవడానికి ఎంతో దూరం లేదు. గొట్టాల మరలకి చుట్టే తాడు కొనుక్కోడానికి వచ్చి ఈ మాటలన్నీ విన్నాడు. ఏ నీళ్లు, ఎంత లావు ధార కావాలి, ఎక్కణ్ణించి ఎక్కడికి అని ఆమెని అడిగి, చూస్తే గానీ చెప్పలేనన్నాడు.

ఆ ఆదివారం వచ్చాడు. వీధి తలుపు బార్లా తెరిచే ఉంచింది దుర్గాంబ. సీతామహాలక్ష్మిగారు చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని వాకిట్లో పీట వేసుకుంది. కృష్ణంరాజు కొలతబద్ద జేబులోంచి తియ్యనేలేదు. తొట్టె ముందు స్టూలు మీద కూర్చుని, శంఖపు పీత ఒకటి చిన్న శంఖంలోంచి బయటపడి పెద్ద శంఖంలోకి దూరడం చూస్తూ ఉండిపోయాడు. తను సముద్రాన్ని చూసింది ఒక్కసారేనని, అదీ భార్య అస్థికలు కలపడానికి వెళ్లినప్పుడని, ఆ రోజు నీళ్లలోకి చూడబుద్ధి కాలేదని చెప్పాడు. దుర్గాంబ రెండు గ్లాసుల్లో కాఫీ పోసింది. ఈ ఊరొచ్చాక రెండో గ్లాసు తియ్యడం అదే మొదలు.

తరవాత ప్రతి ఆదివారమూ వచ్చేవాడు. కొలతలని ఒకసారి, వంపు ఎక్కడ రావాలో చూద్దామని ఒకసారి. మాటలు ఎక్కువగా గొట్టం గురించే. అయినా శనివారం సాయంత్రానికే ఆమె గది తుడిచి, అద్దాలకి పట్టిన నాచు గీకి, కొత్త కాఫీపొడి తెచ్చిపెట్టుకునేది.

పెద్ద పండగ వెళ్లాక ఒక ఆదివారం గోనెగుడ్డ చుట్టిన పొడుగాటి మూట తెచ్చాడు. విప్పితే గది వెలిగినట్లయింది. ఇత్తడి గొట్టం. పని అయ్యాక రోజూ సాయంత్రాలు ఫ్యాక్టరీ లేతు మిషను దగ్గర నిలబడి చేశాట్ట. వంపుల దగ్గర గాజుల్లాంటి సన్నగీతలు తీశాడు. కుళాయి పిడి తమలపాకులా మలిచాడు. హంస మెడలా నాజూగ్గా తిరిగి ఉంది ధార పడే మూతి.

దుర్గాంబకి సంతోషమూ వేసింది, భయమూ వేసింది. ఇత్తడిలో సగానికి పైన రాగే. చెరువుల్లో నాచు చావడానికి చల్లే మైలుతుత్తం రాగి ఉప్పేనని తొమ్మిదో తరగతి పిల్లలకి ఏటా చెప్పే పాఠం. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు నిలవుంచితే ఏమవుతుందో ఇంట్లో ఏ ఆడదానికైనా తెలుసు. చెప్పాలని నోరు తెరిచింది.

కృష్ణంరాజు జేబురుమాలుతో పిడిమీది వేలిముద్రలు తుడుస్తున్నాడు. "ఇన్నేళ్లూ ఫ్యాక్టరీకి చేసేను. ఒక మనిషికని చేసింది ఇదేనండి" అన్నాడు తలెత్తకుండా.

"చాలా బాగుందండీ రాజుగారూ" అంది దుర్గాంబ.

గొట్టం బిగించాడు. నీళ్లు ఇత్తడి మూతిలోంచి మెరుస్తూ తొట్టెలో పడ్డాయి. ఊరంతా ఇత్తడి బిందెల్లో నీళ్లే తాగుతున్నారు కదా అనుకుంది దుర్గాంబ. ధార సన్నంగానే ఉంది కదా, ఒకవేళ ఏదైనా తేడా కనిపిస్తే అప్పుడు చెప్పొచ్చులే అని కూడా అనుకుంది.

తేడా కనిపించడానికి ఎంతోకాలం పట్టలేదు. ముందు ఆకుపచ్చ గుండీలు ఎండ పడినా విచ్చుకోవడం మానేశాయి. శంఖపు పీతలు ఇల్లు విడిచిపెట్టి మెత్తటి ఒంటితో ఇసకమీద పడి ఉండేవి. సముద్రపు పువ్వులు ముడుచుకుని ముడుచుకుని రాతినుంచి జారిపోయాయి. దుర్గాంబ సోమవారం పొద్దున్నే గొట్టం ఊడదీసి, మగ్గుతోనే నీళ్లు చిలకరించేది. శనివారం సాయంత్రం చింతపండు పెట్టి తోమి మళ్లీ బిగించేది. తోమినప్పుడు పచ్చటి చిలుము చేతికి అంటేది. ఆ ఒక్కరోజుకే ఏమవుతుందిలే అని ప్రతి వారమూ అనుకునేది. కొత్త నీళ్లు తెచ్చి మార్చింది. రాయి నల్లబడిపోయింది. చివరికి చారల చేప ఒక్కటే మిగిలి, అది కూడా ఒక మూల నీటిపైకి మూతి పెట్టి ఎగపోస్తూ ఉండేది.

కృష్ణంరాజు తొట్టెలోకి చూసి ఏమయిందని అడిగితే, ఎండలు ముదిరాయి కదండీ అంది. వెళ్లేముందు ఆయన అలవాటు ప్రకారం రుమాలు తీసి తమలపాకు పిడిని తుడిచి వెళ్లాడు.

మరుసటి ఆదివారం ఆయన రావలసిన వేళకి రాలేదు. కాఫీ చల్లారిపోయింది. సాయంత్రం వీధిదీపాలు వెలిగే వేళకి వచ్చాడు. పంచె మోకాళ్ల దాకా తడిసి ఆరి ఉప్పు చారలు కట్టింది. చేతిలో పాలక్యాను ఉంది. ఒక్కడూ బస్సులు మారి భీమిలి వెళ్లాడు. అక్కడి జాలరి వాళ్లని అడిగి రాళ్లలోకి దిగాడు. కాలు జారి అరచెయ్యి కోసుకుంది. చాకుతో గీకి తెచ్చానని, తెగిపోయాయేమో చూడమని క్యాను మూత తీశాడు. లోపల సముద్రపు పువ్వులు నాలుగైదు ముద్దల్లా పడి ఉన్నాయి. రెండు పీతలు శంఖాల్లోంచి తొంగిచూస్తున్నాయి.

"ఎయ్యండి టీచరుగారూ. నీళ్లు మారలేదు, ఆ రాళ్లకాడివే" అంటూ క్యాను తొట్టె మీదికి ఎత్తబోయాడు.

"వద్దండీ, వెయ్యకండి" అంది దుర్గాంబ. ఆ మాట అనేశాక మిగిలింది ఆపుకోలేకపోయింది. ఇత్తడిలో రాగి ఉంటుందని, ఉప్పునీటికి అది దిగుతుందని, ఈ జీవాలకి అది విషమని చెప్పింది.

కృష్ణంరాజు క్యాను కింద పెట్టాడు.

"ఎప్పుడు తెలిసిందండి?"

"మీరు తెచ్చిన రోజే తెలుసు."

"మరి సెప్పలేదేటండి?"

"చెప్తే మళ్లీ రారేమోనని."

ఆయన ఆమె వంక చూడలేదు. తొట్టె వంక చూశాడు. "ప్రతి ఆదివారం నేనిక్కడ కూకుని దీన్ని తుడిసేను. అయి సస్తన్నాయని మీకు తెలుసు. నన్ను తుడవనిచ్చేరు" అన్నాడు. కోపంగా అనలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్లు అన్నాడు. ఇంటావిడని అడిగి స్పానరు తెచ్చి గొట్టాన్ని ఒక్కో మరా విప్పి, వచ్చినప్పటి గోనెగుడ్డ అడిగి దానిలో చుట్టుకుని వెళ్లిపోయాడు. వాకిట్లో సీతామహాలక్ష్మిగారికి నమస్కారం పెట్టడం మాత్రం మరిచిపోలేదు.

దుర్గాంబ క్యానులోని ప్రాణుల్ని పింగాణీ జాడీలోకి వంచింది. మర్నాడు బడికి సెలవు పెట్టి కామేశం కొట్టుకి వెళ్లి మంచినీళ్ల ప్లాస్టిక్కు గొట్టమే కొంది. వేడినీళ్లలో కొస మెత్తబరిచి, ఒకదానిలోకి ఒకటి దూర్చింది, బంక వాసన తొట్టెకి తగలకుండా. వాసన పోయేదాకా ఉప్పునీళ్లలో నానబెట్టింది. తొట్టె, ఇసక, బానలు అన్నీ కడిగి కొత్త నీళ్లు పోసింది. ఆ బూడిద గొట్టం గోడమీద వంకరగా, నిజంగానే ఆసుపత్రిలో లాగా కనబడింది. చారల చేపా, క్యానులో వచ్చిన పీతలు రెండూ పోయాయి. పువ్వుల్లో ఒక్కటే రాయిని పట్టుకుంది.

తరవాతి ఆదివారం కాఫీ పెట్టింది. ఆయన రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. సీతామహాలక్ష్మిగారు వాకిట్లో పీట వేసుకోవడం మానేసింది. కాపలా కాయడానికి ఏమీ లేదు మరి. ఒకసారి బజార్లో ఎదురుపడితే కృష్ణంరాజు సైకిలు దిగి నమస్కారం పెట్టాడు. బాగున్నారా అంటే బాగున్నామనుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. అదే రాకుండా మానేసినదానికన్నా ఎక్కువ బాధపెట్టింది ఆమెని. తిట్టినా బాగుండుననుకుంది.

వానలు పడ్డాక ఒక పొద్దున్న తొట్టెలోని పువ్వు పొడుగ్గా సాగినట్లు కనిపించింది. చచ్చిపోతోందనుకుంది. బడినుంచి వచ్చేసరికి నడుమ సన్నబడింది. మరికొన్ని రోజులకి అది రెండయింది. రెండూ రేకులు విప్పి రాతికి చెరోపక్కా కూర్చున్నాయి. దుర్గాంబకి పట్టరాని సంతోషం కలిగింది. ఎవరికైనా చెప్పాలని గది బయటికి వచ్చి, వాకిట్లో నిలబడి, చెప్పవలసిన మనిషి ఒక్కడేనని గ్రహించింది. చెప్పులేసుకుని ఫ్యాక్టరీ క్వార్టర్స్‌కి నడిచింది. ఆయన ఉన్న ఇంట్లో వేరే కుటుంబం ఉంది. రాజుగారు రిటైరై రోలుగుంట వైపు తమ్ముడి పొలం చూసుకోడానికి వెళ్లిపోయారని చెప్పారు. ఆమెతో ఒక్కమాట కూడా అనకుండా వెళ్లాడు. అనవలసిన అవసరం ఏముంది అనుకుంటూ ఇంటికొచ్చింది గానీ, ఆదివారం వచ్చేసరికి రోలుగుంట బస్సెక్కింది.

రోడ్డు పక్కనే పొలం. కృష్ణంరాజు చెరకు మధ్య మోటారు దగ్గర ఉన్నాడు. ఆమెని చూసి చేతులు కడుక్కుని వచ్చాడు. గట్టుమీద తువ్వాలు పరిచి కూర్చోమన్నాడు. తనూ కాస్త ఎడంగా కూర్చున్నాడు. దుర్గాంబ క్షమించమని అడగడానికి వస్తూ దారంతా మాటలు కూడబలుక్కుంది. తీరా కూర్చున్నాక అవేవీ రాలేదు.

"మీరు తెచ్చినవాటిలో ఒకటి బతికిందండీ. ఇప్పుడు రెండయింది" అంది.

ఆయన తల ఊపాడు. "ఏ గొట్టం ఏసేరు?" అని అడిగాడు.

"కామేశంగారి ప్లాస్టిక్కుది. చూడ్డానికేం బాగోదు."

"దాని మీద రంగెయ్యొచ్చేమో. ఆకుపచ్చ ఎనామిలు ఉంది నా దగ్గర."

"వద్దండీ. తడికి పెచ్చులూడి నీళ్లలో పడుతుంది" అంది దుర్గాంబ, ఈసారి వెంటనే.

కృష్ణంరాజు ఆమె మొహంలోకి మొదటిసారి సూటిగా చూశాడు. "సరేలెండి. అలాగే ఉంచండి" అన్నాడు. మోటారు నీళ్లు కాలవలో పోతున్న చప్పుడు వింటూ ఇద్దరూ కూర్చున్నారు. మళ్లీ రమ్మని ఆయన అనలేదు, వస్తానని ఆమె అనలేదు. పొద్దు వాలుతుంటే రోడ్డుదాకా వచ్చి, చోడవరం బస్సు కనపడగానే చెయ్యెత్తి ఆపి, ఆమె ఎక్కేదాకా నిలబడ్డాడు.